పళ్ళ డాక్టరు ఎగరేసిన విమానం

ఆదివారం పొద్దున్న ఆరున్నరకల్లా మైదానానికి వెళ్ళాలి. విమానాన్ని ఒకే ఒక్క చుట్టు తిప్పి దించెయ్యాలి. ఎనిమిదికల్లా ఇంటికొచ్చి కాఫీ తాగాలి. చూసేవాళ్ళు ఒక్కరూ ఉండకూడదు. లేస్తే అప్పుడు తీరిగ్గా అందరికీ చెప్పుకోవచ్చు, లేవకపోతే భార్య ఒక్కదానికి సంజాయిషీ ఇచ్చుకుంటే చాలు. ఇదీ పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం. ఇందులో ఆరున్నర కావడం తప్ప ఇంకేదీ అనుకున్నట్టు జరగలేదు.

విమానమంటే మనుషులెక్కేది కాదు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి బారెడు పొడవుండే బొమ్మ విమానం. ముక్కులో నూనెతో తిరిగే చిన్న ఇంజను, కడుపులో రేడియో సంకేతాలు అందుకునే రిసీవరు, తోకని అటూ ఇటూ కదిపే చిన్న మోటార్లు. కింద నిలబడ్డవాడి చేతిలో పొడుగాటి యాంటెన్నా ఉన్న రిమోటు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట దీన్ని డాక్టరు మామగారు స్వయంగా చేశారు. ఆయన ఫౌండ్రీలో చెక్క అచ్చులు చేసే మేస్త్రి. ఆయన చేసిన అచ్చును బట్టే కరిగిన ఇనుము చక్రమో గొట్టమో అయ్యేది, అచ్చులో వెంట్రుకవాసి తేడా వస్తే ఆ ఇనుమంతా చెత్తలోకే. అలాంటి మనిషి రెండేళ్ళు కూర్చుని, బెండులాంటి తేలిక చెక్కతో, పైన పట్టుగుడ్డ కప్పి కట్టిన విమానం ఐదేళ్ళు దర్జాగా ఎగిరింది. ఆరో ఏట గోడకు గుద్దుకుని ఎడమ రెక్క మూడు ముక్కలైంది. ఆయన బాగుచేద్దామనుకునేలోపు కళ్ళు మసకబారాయి. విమానం అటకెక్కింది.

మామగారికి అల్లుడి మీద కోపమేమీ లేదు. "డాక్టరుగారూ, మీరు" అంటూ మన్నించి మాట్లాడతారు. చిక్కల్లా అల్లుడి చేతుల మీద ఆయనకు నమ్మకం లేకపోవడమే. పెళ్ళైన మూడో ఏట, భోజనాల దగ్గర కూతురితో ఒక మాటన్నారు. "పళ్ళు పీకడం కూడా ఒక పనేనమ్మా? ఉన్నదాన్ని ఊడబెరకడమేగా. నిలబెట్టడం వస్తే అప్పుడు పనివాడంటాను." చేతులు కడుక్కుంటున్న డాక్టరు చెవిన ఆ మాట పడింది. అతను పీకిన పళ్ళకన్నా నిలబెట్టిన పళ్ళు పదింతలు ఉంటాయి. కానీ ఆ లెక్క మామగారికి ఎలా చెప్పాలో పంతొమ్మిదేళ్ళుగా తోచలేదు.

అందుకే ఆ విమానం మీద కన్ను వేశాడు. మూడేళ్ళపాటు అడగ్గా అడగ్గా మామగారు ఒకరోజు విసుగెత్తి, "సరే, తీసుకెళ్ళి ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నారు. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు.

క్లినిక్ వెనక గదిలో ఎనిమిది నెలలు వైద్యం జరిగింది. వైద్యం అనక తప్పదు, ఎందుకంటే డాక్టరుకు చేతనైన విద్య అదొక్కటే. విమానం పేరు మీద కేసు షీటు రాశాడు. 'ఎడమ రెక్క, మూడో పక్కటెముక, లోపల చీలిక' అని గుండ్రని అక్షరాలతో నమోదు చేశాడు. రెక్క లోపల ఎక్కడెక్కడ విరిగిందో తెలియక ఎక్స్‌రే తీశాడు. పళ్ళ ఎక్స్‌రే అగ్గిపెట్టెంత కూడా ఉండదు కాబట్టి రెక్కకి మొత్తం అరవై నాలుగు ఫోటోలు పట్టాయి. నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని విమానం కడుపులో పెట్టి లోపలి కీళ్ళు చూశాడు. పన్ను తొలిచే మరతో పాత జిగురంతా తొలిచి, పిప్పిపళ్ళు నింపే సిమెంటుతో కన్నాలు పూడ్చాడు.

"మీ పేషంట్లకి కూడా ఇన్ని సిట్టింగులు వెయ్యరు మీరు" అంది భార్య. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఎక్స్‌రేలు లెక్కపెట్టింది ఆమే.

పథకానికి మొదటి బొక్క పెట్టింది డాక్టరు నోరే. ఎవరికీ చెప్పకూడదని అతను గట్టిగానే అనుకున్నాడు. అయితే పేషంటుకు చెప్పడం అంటే ఎవరికైనా చెప్పడం కిందకి వస్తుందని అతనికి తోచలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, దవడలో దూది కుక్కించుకున్న మనిషి ఏం చేస్తాడు? వింటాడు. "ఆ" అంటాడు. ఆ "ఆ"ను డాక్టరు ఆసక్తి అనుకునేవాడు. ఎనిమిది నెలల్లో ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ విమానం రెక్కలో పక్కటెముకలెన్నో తెలిసిపోయింది. ఆఖరి వారంలో వచ్చినవాళ్ళందరికీ ఆదివారం, ఆరున్నర, మైదానం అన్న సంగతి కూడా తెలిసిపోయింది.

వాళ్ళలో సెలూన్ అతనొకడు. శనివారం పొద్దున్నే అతను మామగారికి గడ్డం గీస్తూ, "రేపు మీ అల్లుడుగారు మీ విమానం ఎగరేస్తున్నారటగా?" అన్నాడు. పావుగంటలో క్లినిక్‌లో ఫోను మోగింది.

"డాక్టరుగారూ, రేపు నన్నూ తీసుకెళ్ళండి."

"మామయ్యగారూ, అది... ఊరికే ఒక్కసారి చూద్దామని..."

"నేనూ ఊరికే ఒక్కసారి చూద్దామనే" అని ఆయన ఫోను పెట్టేశారు.

డాక్టరు వెళ్ళి పేషంటు కుర్చీలో తనే కూర్చున్నాడు. విమానం బాగుచేయడం ఒకటి, నడపడం ఒకటి. కంప్యూటరులో విమానం నడిపే ఆటలో అతను మూడు నెలలుగా సాధన చేస్తున్నాడు. నూట పన్నెండు సార్లు ఎగిరాడు. నూట పన్నెండు సార్లూ కూల్చాడు. పైగా రిమోటు కూడా పాతదే. పెరట్లో పరీక్ష చేసినప్పుడు ఐదుసార్లు మీట తిప్పితే తోక మూడుసార్లే కదిలింది. బావమరిది అప్పుడే హెచ్చరించాడు. అతను లిఫ్టు మెకానిక్కు. సెలవురోజుల్లో అదే మైదానంలో కొత్తరకం విమానాలు గింగిరాలు తిప్పుతాడు, చెయ్యి తిరిగినవాడు.

"బావా, నా రిమోటు, రిసీవరు సెట్టు పెట్టుకో. కాదంటే నేను నడుపుతా, నువ్వు పక్కన నిలబడు" అన్నాడు.

"మీ నాన్నగారు కట్టిన విమానం, మీ నాన్నగారు పట్టిన రిమోటు. మధ్యలో నీ లిఫ్టు సామానెందుకురా?" అన్నాడు డాక్టరు. ఆ మాట అన్నప్పుడు అతనికి తన గొంతు తనకే గంభీరంగా వినిపించింది. ఇక వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఇదంతా గమనిస్తున్నది భార్య ఒక్కతే. తండ్రి వస్తున్నాడని తెలియగానే ఆమె మనసులో లెక్క వేసుకుంది. నూట పన్నెండులో నూట పన్నెండు. విమానం ఆయన కళ్ళముందు మళ్ళీ ముక్కలైతే, ఈ మనిషి ఇక జన్మలో తలెత్తుకోడు. తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, విమానం ఇంటికి తెచ్చి పెట్టారు. మీ బావ క్లినిక్‌లో ఉండగా వచ్చి నీ రిసీవరు అందులో పెట్టెయ్. రేపు నువ్వు వ్యాను వెనక నిలబడి నీ రిమోటుతో నడుపు. ఆయన ముందు నిలబడి ఆ పాతది తిప్పుకుంటాడు. తనే నడిపాననుకుంటాడు. ఎవరి పరువూ పోదు."

"అక్కా, ఇది మోసం కాదూ?"

"కాదురా. సంసారం" అంది ఆమె.

తమ్ముడు మధ్యాహ్నం వచ్చి పాత రిసీవరు పీకి జేబులో వేసుకున్నాడు. కొత్తది పెట్టాడు. ఎందుకైనా మంచిదని మామూలుకి రెండింతల బ్యాటరీ ఒకటి తెచ్చి, కడుపులో చోటు చాలక, ముక్కు దగ్గరి మూత తీసి స్పాంజిలో చుట్టి అక్కడ కూరాడు. రిమోటు తిప్పితే తోక చిలక పలికినంత చక్కగా పలికింది. అంతా సిద్ధం. ఒక్కటే మిగిలింది. ఎగరేసే ముందు డాక్టరు తన పాత రిమోటు తిప్పి, "తోక కదిలిందా?" అని అడుగుతాడు. తోక దగ్గర ఉండేది క్లినిక్ నర్సమ్మ. భార్య ఆమెను పక్కకి పిలిచి, "సార్ ఏమడిగినా కదిలిందని చెప్పు" అంది. నర్సమ్మ ఏమిటని అడగలేదు. పదిహేనేళ్ళుగా పేషంట్లకి నొప్పి ఉండదని చెబుతున్న మనిషికి ఇదొక కష్టమా?

ఆదివారం పొద్దున్న బావమరిది వ్యాను తీసుకుని వచ్చాడు. ముందురోజు రాత్రే కూతురింటికి వచ్చేసిన మామగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చుని ఉన్నారు. విమానాన్ని బయటకి తేగానే రెండు చేతులూ చాచారు.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి. ఐదు నిమిషాలు నన్నూ దీన్నీ వదిలేసి మీ పని చూసుకోండి."

 ముప్పై ఏళ్ళ తర్వాత తన చేతి పనిని ఒళ్ళో పెట్టుకున్న మనిషి పక్కన నిలబడటం డాక్టరుకు భావ్యం కాదనిపించింది. కుర్చీ వ్యానులో పెట్టడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మామగారు లేచి నిలబడి, "పదండి" అన్నారు. ఇంకేమీ అనలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మైదానం చేరాక వ్యాను తలుపు తీసిన డాక్టరు మళ్ళీ వేసేసుకున్నాడు. బయట పాతికమందికి పైగా జనం ఉన్నారు. అందరూ తెలిసిన నోళ్ళే. పోస్టాఫీసు గుమాస్తా, రెండు రోజుల కిందట జ్ఞానదంతం తీయించుకున్న డ్రాయింగు మాస్టారు, పళ్ళ సెట్టు కొత్తగా పెట్టించుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ తోడికోడలు.

"వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?" అన్నాడు డాక్టరు నీరసంగా.

"మీరే" అంది భార్య.

దిగక తప్పింది కాదు. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. జనం దారిచ్చారు. బావమరిది, "నేను ఇంజను శబ్దం దూరం నుంచి వింటా బావా" అని వ్యాను వెనక్కి జారుకున్నాడు. డాక్టరు ముప్పై అడుగులు అవతల నిలబడి, యాంటెన్నా పూర్తిగా లాగి, గొంతు సవరించుకున్నాడు. నర్సమ్మ విమానాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"తోక ఎడమకి కదిలిందా?"

"కదిలింది సార్."

"కుడికి?"

"కదిలింది సార్."

"ఇప్పుడు పైకి?"

"కదిలింది సార్."

"నేనింకా తిప్పలేదమ్మా!"

"తిప్పితే కదులుతుంది సార్" అంది నర్సమ్మ, పంటికి సూది వేసేముందు వాడే గొంతుతో. డాక్టరుకు నిజంగానే ధైర్యం వచ్చింది. ఆ గొంతు మహిమ అలాంటిది.

ఇంజను మూడో తిప్పుకే అందుకుంది. ఈ ఇంజనుకు వేగం పెంచడం తగ్గించడం ఉండదు. నూనె ఉన్నంతసేపు తిరుగుతుంది, అయిపోగానే ఆగుతుంది, అప్పుడు దించుకోవాలి. నర్సమ్మ పది అడుగులు పరిగెత్తి విమానాన్ని విసిరింది. కాలేజీలో ఈటె విసిరిన చెయ్యి. విమానం గడ్డికి జానెడు ఎత్తుదాకా వంగింది. జనం "అయ్యయ్యో" అన్నారు. అంతలో ముక్కెత్తి, ఎవరో పిలిచినట్టు నింపాదిగా పైకి లేచింది.

"లేచింది! మామయ్యగారూ, లేచింది!"

"వినబడుతోంది" అన్నారు మామగారు. కళ్ళు మూసుకుని, తల కొద్దిగా పక్కకి వంచి ఉన్నారు.

విమానం మైదానం మీద ఎడమకు పెద్ద చుట్టు తిరగడం మొదలుపెట్టింది. డాక్టరు వెంటనే మీట ఎడమకు నొక్కాడు. "ఇప్పుడు ఎడమకి తిప్పుతున్నాను" అని జనానికి వివరించాడు. జనం తలలూపారు. "ఇప్పుడు కుడికి" అన్నాడు. విమానం ఎడమకే వెళ్ళింది. "గాలి" అన్నాడు. ఆకు కదలడం లేదు.

వ్యాను వెనక బావమరిదికి చెమటలు పడుతున్నాయి. అతను కుడికి తిప్పినా అది ఎడమకే పోతోంది, దించుతుంటే పైకి పోతోంది. రిమోటు మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. అతనికి తోచిన కారణం ఒక్కటే. చప్పుడు కాకుండా అక్కను పిలిచాడు.

"అక్కా, బావ పాత రిమోటు నా సెట్టుకు అడ్డు తగులుతోందే! ముందు ఆయన్ని చేతులు తీసెయ్యమను. లేకపోతే నా వల్ల కాదు!"

ఆమె చకచకా నడిచి భర్త దగ్గరకు వెళ్ళింది. మొహం మీద నవ్వు తెచ్చిపెట్టుకుంది.

"ఏవండీ, మరీ అంత తిప్పకండి. కాసేపు చేతులు తీసేసి దాని మానాన దాన్ని పోనివ్వండి."

పెళ్ళాం అంత మెచ్చుకోలుగా మాట్లాడటం డాక్టరు ఈమధ్య విని ఎరుగడు. తన చెయ్యి ఎంతగా కుదిరిపోయిందో ఆమెకు కూడా కనిపించిందన్నమాట. రిమోటును మెడకు వేలాడేసి, రెండు చేతులూ పైకెత్తాడు.

"చూడండి! చేతులు వదిలేశాను!"

విమానం ఇంకో చుట్టు అంతే పొందిగ్గా పూర్తిచేసింది. చప్పట్లు మోగాయి. డ్రాయింగు మాస్టారు వాచిన దవడ పట్టుకునే "భళా" అన్నాడు. వ్యాను వెనక బావమరిది కూడా ఊపిరి పీల్చుకున్నాడు. 'ఇప్పుడు నా చేతికొచ్చింది' అనుకున్నాడు. ఆ ఊపులో ఒక పల్టీ కొట్టిద్దామని మీట వెనక్కి లాగాడు. విమానం పల్టీ కొట్టలేదు. నాన్న కట్టింది కదా, కుప్పిగంతులు వేయదులే అని సరిపెట్టుకున్నాడు.

నాలుగైదు చుట్లయ్యేసరికి విమానం పైకి పోయి అరచెయ్యంత అయింది. ఉన్నట్టుండి పైన శబ్దం ఆగిపోయింది. నూనె అయిపోయింది.   డాక్టరు నూట పన్నెండు సార్లూ కూల్చింది సరిగ్గా దించే దగ్గరే. రిమోటు అందుకుని, వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాడు. 'పోతే పోనీ నా పరువు, దానికేం కాకూడదు' అనుకున్నాడు. అంతసేపట్లో అతనికి మామగారు గుర్తురాకుండా విమానం ఒక్కటే గుర్తున్న క్షణం అదే. వ్యాను వెనక రెండోవాడు కూడా అలాగే బిగుసుకుపోయి, పెదవి కొరుక్కుంటున్నాడు.

విమానం ఏ తొందరా లేకుండా ఒక్కొక్క చుట్టే దిగింది. వ్యాను మీదుగా వచ్చింది, పెద్దావిడ తల మీదుగా వచ్చింది, గడ్డిని తాకి సర్రున జారి, మామగారి కుర్చీకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది. గీత కూడా పడలేదు.

డాక్టరు ఉన్నచోటే గడ్డిలో కూలబడ్డాడు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చేశాయి. పేషంట్లందరూ చుట్టూ మూగి చేతులు ఊపేస్తున్నారు. "ఎగరేయడం సరే డాక్టరుగారూ, ఆ దించడం ఉంది చూశారూ, అదీ విద్యంటే!" అన్నాడు పోస్టాఫీసు గుమాస్తా.

ఆ మాట వ్యాను వెనక్కి వినబడింది. ఎగరేసిన పేరు పోయినా బావమరిది ఓర్చుకునేవాడే. దించిన పేరు పోవడం మాత్రం అతని తరం కాలేదు. రిమోటు పట్టుకుని బయటకి వచ్చేశాడు.

"దించింది నేను!"

"నువ్వా? నువ్వెక్కడున్నావురా?"

"వ్యాను వెనక! పొద్దుట్నుంచీ నడుపుతున్నది నేనే బావా! నీ రిసీవరు నిన్ననే తీసేశా, ఇదిగో!" అని జేబులోంచి తీసి చూపించాడు. "అక్కే చెయ్యమంది!"

డాక్టరు భార్య వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. "మీరు బాధపడకూడదనే..." అని మాత్రం అంది. అతను మెడలో ఉన్న రిమోటు చూసుకున్నాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. చేతులు పైకెత్తి తాను అరిచిన అరుపు గుర్తొచ్చి చెవులు మండాయి. మామగారి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"నమ్మకపోతే చూడు, నా రిసీవరు మీద ఎర్ర లైటు వెలుగుతుంటుంది" అని బావమరిది విమానం దగ్గరకు పోయి కడుపు మీది మూత తీశాడు. లైటు వెలగడం లేదు. ముక్కు మూత తీశాడు. వేలు పెట్టి చూశాడు, కన్ను పెట్టి చూశాడు.

"బ్యాటరీ ఏది?"

"ఇదా?" అన్నారు మామగారు కుర్చీలోంచి. చొక్కా కింది జేబులో చెయ్యి పెట్టి, స్పాంజి చుట్టిన ముద్ద ఒకటి తీశారు. "పొద్దున్న ఒళ్ళో పెట్టుకుని, రెండు రెక్కల కిందా వేళ్ళు ఆనించి నిలబెడితే ముందుకు తూలింది. తడిమితే ముక్కులో ఇది దొరికింది. బరువుకి సీసం పెట్టారేమో అనుకున్నా. తీసేశాను. త్రాసులాగా నిలబడింది."

"నాన్నా, దానికి తీగ కూడా ఉందిగా!"

"ఉంది. లాగితే వచ్చేసింది."

 బ్యాటరీ లేకపోతే రిసీవరు లేదు. రిసీవరు లేకపోతే రిమోటు ఎన్ని ఉన్నా లేనట్టే. ఇద్దరు మగాళ్ళు ఐదు నిమిషాలపాటు ఆకాశానికి ఎదురుగా నిలబడి వేళ్ళు ఆడించారు, అంతే జరిగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సమ్మ మాత్రం గంభీరంగా, "నేను కదిలిందన్నాను కానీ చూశానని అనలేదు" అంది.

"అది ఇలా పట్టండి" అన్నారు మామగారు.

డాక్టరు విమానాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఇక ఎన్నైనా అననీ, పడటమే అనుకున్నాడు. ఆయన బొటనవేలిని ఎడమ రెక్క కొస దగ్గర ఆనించి, అడుగుభాగం వెంబడి మెల్లగా జరుపుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ వెనక్కి వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"విరిగింది ఎడమ రెక్కేనా?"

"ఎడమదేనండీ."

"ఎక్కడ?"

"ఇప్పుడే మీ వేలు దాటిందండీ."

మామగారు వేలు వెనక్కి జరిపారు. ఆగారు. అక్కడే రెండుసార్లు రాశారు.

"మూడు ముక్కలైన రెక్క. జిగురు ఆరేలోపు ఎటో ఒకవైపు మెలి తిరగాలే. దీన్ని తిన్నగా ఎలా పట్టి ఉంచారు?"

"అచ్చు పోశానండీ" అన్నాడు డాక్టరు నసుగుతూ. "పళ్ళ సెట్టుకి వాడే పిండితోనే. కుడి రెక్క కొలతలతో ఎడమదానికి అచ్చు చేసి, ముక్కలు అందులో పరిచి, పదకొండు రోజులు కదపకుండా ఉంచాను. మొదటి రెండు అచ్చులు పగిలిపోయాయి. మూడోది కుదిరింది."

మామగారు వేలు అక్కడినుంచి తియ్యలేదు. ఆయన కళ్ళు తడిబారాయని మొదట గమనించింది కూతురు.

"ఎవరు నడిపారని కొట్టుకుంటారేమిటి మీరిద్దరూ?" అన్నారు చివరికి. గొంతు పెంచారు, అందరికీ వినబడాలని. "రెక్క గింజంత మెలి తిరిగినా వదిలిన చోటే బోర్లా పడేది. ఇది తిన్నగా ఉంది కాబట్టి లేచింది, తిన్నగా ఉంది కాబట్టే దిగింది. తోక ఎప్పట్లాగే వెంట్రుకవాసి ఎడమకు ఉంది, అందుకే మైదానం దాటలేదు. మీట తిప్పి ఏ విమానాన్నైనా ఎగరేయొచ్చు. ఎవరూ ముట్టుకోకుండా ఎగిరిందంటే, దాన్ని కట్టినవాడు ఎగరేసినట్టు."

ఆయన చేయి చాచి, గాలిలో వెతుక్కుని, అల్లుడి మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

"ఆ అచ్చు ఉందా, పారేశావా?"

"ఉంది మామయ్యగారూ. క్లినిక్‌లో ఉంది."

"పద, చూపించు. ఎనభై ఒకటి నిండాయి నాకు, రేపటిదాకా ఆగలేను."

డాక్టరు తలాడించాడు. మామగారికి అది కనబడదని గుర్తొచ్చి, "అలాగేనండీ" అన్నాడు.  భార్య విమానాన్ని అందుకుంది. జనం దారిచ్చారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు కానీ, పెద్దావిడ తన కొత్త పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"మరి నేనో నాన్నా?" అన్నాడు బావమరిది, రెండు రిసీవర్లు, ఒక బ్యాటరీ, ఒక రిమోటు చేతుల్లో పట్టుకుని.

"నువ్వు వ్యాను తియ్యి" అన్నారు మామగారు.

ఆ రోజు మొత్తం మీద దేన్నైనా నిజంగా నడిపినవాడు అతనొక్కడే.